గీతలు పడిన చోట

1996 అక్టోబరులో నేను న్యూజెర్సీ వచ్చాను. పెళ్ళయి ఆరు నెలలు. మా ఆయనకి హెచ్1 వీసా, నాకు హెచ్4. అప్పట్లో హెచ్4 మీద వచ్చిన భార్య ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు. నాకు కారు నడపడం రాదు. వచ్చినా ఉన్న ఒక్క కారూ పొద్దున్న ఏడున్నరకే ఆయనతో వెళ్ళిపోయేది. నడిచి వెళ్ళగలిగిన దూరంలో నాలుగు కొట్లు ఉండేవి. బట్టలుతుక్కునే లాండ్రోమాట్, పిజ్జా షాపు, డాలర్ స్టోరు, చివర్న వీడియో షాపు. ఆ చివరి కొట్టే నాకు ఆ దేశంతో మొదటి పరిచయం.

కొత్త సినిమా అద్దె మూడు డాలర్లు, రెండో రోజుకల్లా తిరిగిచ్చెయ్యాలి. వెనక గోడ దగ్గర ఉండే పాత సినిమాలకి 99 సెంట్లు, ఐదు రోజులు ఉంచుకోవచ్చు. ప్రతి డాలరునీ రూపాయల్లోకి మార్చి చూసుకునే రోజులు కదా, నేను నేరుగా వెనక గోడ దగ్గరికే వెళ్ళేదాన్ని. అక్కడ 'మ్యూజికల్స్' అని చేత్తో రాసిన అట్టముక్క కింద ఒక డబ్బా కనిపించింది. దాని మీద ముగ్గురు పసుపు రెయిన్‌కోట్లు వేసుకుని, గొడుగులు పట్టుకుని నవ్వుతున్నారు. సినిమా పేరు 'సింగిన్ ఇన్ ది రెయిన్'. అందులో హీరోగా వేసి డాన్సు చేసిన జీన్ కెల్లీ ఎవరో నాకు తెలీదు. ఆ రోజు పొద్దున్నించీ ముసురు పట్టి ఉంది, అందుకని తీసుకున్నాను. అంతకన్నా కారణం లేదు.

సినిమా అంటే థియేటర్లో చూడాలి, ఇంట్లో టేపు వేసుకుని చూడటం గతిలేక చూడటమే అని సినిమా మీద ప్రేమున్నవాళ్ళు చాలామంది ఇప్పటికీ అంటారు. మిగతా సినిమాల సంగతి నేను వాదించను. డాన్సు ప్రాణంగా ఉన్న సినిమా విషయంలో మాత్రం ఆ మాట తప్పు. జీన్ కెల్లీ, స్టాన్లీ డోనెన్ కలిసి తీసిన ఈ సినిమాని దానికి తగినంత శ్రద్ధగా చూసింది 99 సెంట్లిచ్చి ఇంటికి తీసుకెళ్ళినవాళ్ళే అని నా నమ్మకం. అలా ఎందుకు నమ్ముతున్నానో చెప్పాలంటే ఆ టేపులో ఉన్న గీతల దగ్గర్నించి మొదలుపెట్టాలి.

సినిమా మొదలైన అరగంటకి బొమ్మ చెదరడం మొదలైంది. డొనాల్డ్ ఓకానర్ 'మేక్ ఎమ్ లాఫ్' పాటలో ఎగిరి గంతులేస్తున్నాడు. తెరకి అడ్డంగా తెల్లటి గీతలు, చుక్కలు. బొమ్మ సరిచేసే ట్రాకింగ్ బటన్ అటూ ఇటూ నొక్కాను. ఫలితం లేదు. అతను గోడ మీదకి పరిగెత్తి వెనక్కి పల్టీ కొట్టే చోట గీతలు మరీ ఎక్కువైపోయి మనిషి సగమే కనిపించాడు. పాట అయిపోగానే బొమ్మ మళ్ళీ అద్దంలా శుభ్రంగా వచ్చేసింది. మా వీసీఆర్ పాడైందేమో, రిపేరుకి ఎంతవుతుందో అని టెన్షన్ పడ్డాను. మర్నాడు టేపు తీసుకెళ్ళి కౌంటర్ దగ్గరున్న పెద్దాయనకి నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆయన టేపు తిప్పి చూసి నవ్వాడు. మీ మెషీన్‌కి ఏమీ కాలేదమ్మా, అందరూ అక్కడే వెనక్కి తిప్పుతారు, అన్నాడు.

ఆ మాట నాకు అర్థమవడానికి కొంచెం టైం పట్టింది. వీసీఆర్ లోపల ఒక చిన్న డ్రమ్ము ఉంటుంది. అమెరికా పద్ధతి వీడియోలో అది నిమిషానికి 1800 సార్లు తిరుగుతుంది. దానికున్న హెడ్లు టేపుని రాసుకుంటూ బొమ్మని చదువుతాయి. టేపు మామూలుగా నడుస్తున్నప్పుడు ఒక్కో చోటు మీద ఆ రాపిడి క్షణకాలమే. బొమ్మ కనిపిస్తుండగా వెనక్కి తిప్పినా, పాజ్‌లో పెట్టినా, అదే ముక్క మీద హెడ్లు మళ్ళీ మళ్ళీ రాసుకుంటాయి. పైనున్న అయస్కాంతపు పూత కొద్దికొద్దిగా రాలిపోతుంది. రాలిన చోటే తెర మీద తెల్ల గీత అవుతుంది. అంటే ఆ గీతలు నాకంటే ముందు ఆ టేపు తీసుకెళ్ళినవాళ్ళు పెట్టిన గుర్తులు. పేర్లు లేవు, మొహాలు లేవు. కానీ వాళ్ళంతా ఎక్కడ ఆగి 'ఇంకోసారి' అనుకున్నారో అక్కడ రాసి ఉంది.

మా తెనాలిలో మేము ఇలా చూడలేదు. 80లలో పండక్కో, ఎవరింట్లోనైనా శుభకార్యానికో కలర్ టీవీ, వీడియో డెక్కు అద్దెకి తెచ్చేవాళ్ళు. ఒక్క రాత్రికి మూడు సినిమాలు. వీధి వీధంతా చాపలేసుకుని కూర్చునేది. తెల్లారేలోపు డెక్కు తిరిగిచ్చెయ్యాలి కాబట్టి పాటని వెనక్కి తిప్పమని అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. న్యూజెర్సీలో నా చేతిలో ఐదు రోజులున్నాయి, రోజుకి పదకొండు గంటలు నేనొక్కదాన్నే. ఆ టేపులో గీతలున్న ప్రతి చోటా నేనూ ఆగాను.

ఒకసారి చూస్తే ఓకానర్ గోడెక్కడం ఒక చమత్కారం. పదోసారి చూస్తే అక్కడున్న లెక్క తెలుస్తుంది. మొదటి గోడకి రెండడుగులు వేసి పల్టీ. లేచి రెండో గోడకి అదే. ఇప్పుడు మన కన్ను మూడోదానికి సిద్ధమైపోయి ఉంటుంది. అదే ఊపులో మూడో గోడ మీదకి పరిగెత్తితే అది అట్టగోడ, అందులోంచి దూసుకుని అవతలికి పోతాడు. రెండుసార్లు అలవాటు చేసి మూడోసారి తప్పించడం, నవ్వించడానికి పునాది లాంటి సూత్రం. దాన్ని అతను ఒళ్ళంతా పెట్టి చేసి చూపించాడు. అప్పట్లో అతను బాగా సిగరెట్లు కాల్చేవాడు. ఆ పాట అయ్యాక రోజుల తరబడి మంచం మీద ఉన్నాననీ, కోలుకుని వచ్చాక ఫిల్ము పాడైందని చెబితే మొత్తం మళ్ళీ చేశాననీ తనే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. అది తెలిశాక నేను ఆ పల్టీని ఇంకో రకంగా చూశాను. కిందపడ్డాక లేవడానికి పట్టే ఆ చిన్న వ్యవధి మీద నా కళ్ళు ఉండిపోయాయి.

గీతల్లో రెండో స్థానం 'గుడ్ మార్నింగ్' పాట చివర్న సోఫాలది. కెల్లీ, ఓకానర్, డెబ్బీ రేనాల్డ్స్ ముగ్గురూ సోఫా మీదకెక్కి, దాన్ని వెనక్కి పడతోసి, అది వాలుతుంటే దాని మీదనించే నడుచుకుంటూ దిగుతారు. మొదటిసారి నేను చూసింది కెల్లీనే. తర్వాత ఓకానర్‌ని. మూడో రోజు మాత్రం డెబ్బీని ఒక్కదాన్నే చూస్తూ పాటంతా నడిపించాను. ఆమెకప్పుడు 19 ఏళ్ళు. చిన్నప్పట్నించీ జిమ్నాస్టిక్స్ చేసిన పిల్లే కానీ డాన్సర్ కాదు. పక్కనున్న ఇద్దరూ పసితనం నించీ స్టేజీ మీద పెరిగినవాళ్ళు. ఆ పాట తీసిన రోజు పొద్దున్నే మొదలై రాత్రి దాకా సాగిందనీ, చివరికి తన కాళ్ళు రక్తం కారాయనీ ఆమె చెప్పుకుంది. తెర మీద మాత్రం ఆ ముగ్గురిలో ఎవరు కొత్తో కనిపెట్టడం కష్టం. ఆమె వెనకబడకుండా ఉండటానికి పడుతున్న ప్రయాస నాకు పదిహేనోసారికి తెలిసింది, అదీ భుజాల్లో. థియేటర్లో ఒక్కసారి చూసి వచ్చినవాళ్ళకి ఆ భుజాలు కనిపించే వీలు లేదు.

ఇక వానపాట. అందరికీ తెలిసిన పాట అదే కదా, అక్కడ టేపు అరిగిపోయి ఉంటుందనుకున్నాను. లేదు. పలచటి గీతలు పాట మొదట్నించి చివరి దాకా సమానంగా ఉన్నాయి. అంటే మనుషులు అందులో ఒక ముక్కని ఏరుకోలేదు, పాట పాటంతా మళ్ళీ వేసుకున్నారు. అది సరైన తీర్పు అని నా అభిప్రాయం. ఆ పాటలో చమత్కారమంటూ విడిగా ఏదీ లేదు. ఒక మనిషి ప్రియురాలిని ఇంటి దగ్గర దింపి, గొడుగు మూసేసి, వీధి చివరి దాకా నడిచి వెళ్ళాడు, అంతే కథ. కెల్లీకి ఆ రోజు 103 డిగ్రీల జ్వరమని అందరూ చెప్పుకుంటారు. వానలో పాలు కలిపారన్నది మాత్రం కట్టుకథ, వెనకనించి లైట్లు పెట్టి చినుకులు కనిపించేలా చేశారు. కెల్లీ అడుగు ఎక్కడ పడాలో చూసుకుని నీళ్ళు నిలవడానికి అక్కడ నేలలో గుంటలు చేశారు. బూట్ల చప్పుళ్ళు తర్వాత స్టూడియోలో విడిగా రికార్డు చేశారు. చివర్న పోలీసు వచ్చి నిలబడి చూస్తాడు. కెల్లీ చిన్నపిల్లాడిలా పేవ్‌మెంటు మీదకి ఎక్కి, దారినపోయే మనిషికి గొడుగిచ్చేసి వెళ్ళిపోతాడు. ఆ గొడుగిచ్చెయ్యడం దగ్గర నాకు ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది.

గీత ఒక్కటీ లేని భాగం చివర్లో వచ్చే బ్రాడ్వే బాలే. పన్నెండు పదమూడు నిమిషాలుంటుంది. సిడ్ చరీస్ ఆకుపచ్చ బట్టల్లో కాలు చాచి కెల్లీ టోపీని పాదంతో అందుకునే ఘట్టం అందులోదే. అద్దెకి తెచ్చుకున్నవాళ్ళు దాన్ని ఫాస్ట్ ఫార్వర్డ్ చేసి దాటేశారన్నమాట. కథని మధ్యలో ఆపేసే భాగమని వాళ్ళకి అనిపించి ఉంటుంది. మొదట్లో నేనూ దాటేశాను. ఈ విషయంలో మేమందరం తప్పు. కెల్లీ అంతవరకూ నవ్వుతూ చేసిన నాట్యమంతా ఎక్కడికి వెళ్ళగలదో ఆ భాగంలోనే తెలుస్తుంది. అది నాకు అర్థమవడానికి రెండేళ్ళు పట్టింది.

ఈ సినిమా విలువ టేపులొచ్చాకే లోకానికి తెలిసిందని చెబితే అబద్ధమవుతుంది. 1952లో విడుదలైనప్పుడు బాగానే ఆడింది. కాకపోతే కెల్లీదే ఇంకో సినిమా, 'యాన్ అమెరికన్ ఇన్ పారిస్', ఆ ఏడాది మార్చిలోనే ఉత్తమ చిత్రం ఆస్కార్ తీసుకుంది. ఆ మెరుపు ముందు దీన్ని ఒక సరదా సినిమాగానే చూశారు. ఆస్కార్లకి రెండు నామినేషన్లు వచ్చాయి, జీన్ హేగన్ నటనకొకటి, సంగీతానికొకటి. ఏదీ రాలేదు. 1982లో బ్రిటిష్ పత్రిక 'సైట్ అండ్ సౌండ్' విమర్శకుల్ని అడిగి వేసిన ప్రపంచ ఉత్తమ చిత్రాల జాబితాలో మొదటి పదిలోకి వచ్చింది. 1989లో అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీ మొట్టమొదటగా ఎంచుకున్న 25 సినిమాల్లో ఇదొకటి. విమర్శకులు దానికి గౌరవం తెచ్చారు, కాదనను. కానీ గౌరవమున్న సినిమాలు ఎన్నో అలమార్లలో దుమ్ము పట్టి ఉంటాయి. ఊరి చివర వీడియో షాపులో ఒక టేపు అరిగిపోయేదాకా తిరగడం వేరే సంగతి. అది విమర్శకుల చేతిలో లేదు.

టేపు మీద ఈ సినిమా అంత బాగా బతకడానికి ఇంకో కారణం ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అది తెర కొలత. 1952 నాటికి హాలీవుడ్ ఇంకా పాత, దాదాపు చదరపు తెరకే సినిమాలు తీసేది. వెడల్పుకీ ఎత్తుకీ నిష్పత్తి 1.37. పాత టీవీ తెర 1.33. అంటే ఈ సినిమా టీవీలో దాదాపు పూర్తిగా ఇమిడిపోతుంది. నాట్యం చేసేవాళ్ళు తలనించి కాలిదాకా కనిపించాలని కెల్లీ పట్టుబట్టేవాడు. ఆ కాళ్ళు మా ఇరవై అంగుళాల టీవీలో కూడా తెగిపోలేదు.

మరుసటి ఏడాదికే, 1953లో, సినిమాస్కోప్ వచ్చేసింది. 1955లో ఇదే కెల్లీ, ఇదే డోనెన్, ఇదే రచయితలు బెట్టీ కామ్డెన్, అడాల్ఫ్ గ్రీన్ కలిసి 'ఇట్స్ ఆల్వేస్ ఫెయిర్ వెదర్' తీశారు. ముగ్గురు సైనికులు కాళ్ళకి చెత్తడబ్బాల మూతలు తగిలించుకుని వీధిలో నాట్యం చేస్తారు. అద్భుతమైన పాట. నేను తెచ్చుకున్న టేపులో ఆ వెడల్పు బొమ్మని టీవీకి సరిపడేలా రెండువైపులా కోసేశారు. ముగ్గురిలో ఒకరు ఎప్పుడూ తెర బయటే. టేపు మొదట్లో 'మీ తెరకి సరిపడేలా మార్చబడింది' అని ఒక వాక్యం వేసి చేతులు దులుపుకునేవాళ్ళు. ముగ్గురు కలిసి చేసే నాట్యంలో ఒకర్ని తీసేశాక మిగిలింది ఏ నాట్యం? ఆ టేపు మీద గీతలేమీ లేవు. వెనక్కి తిప్పి చూడటానికి అందులో ఏమీ మిగల్లేదు మరి. థియేటరే గొప్పదనేవాళ్ళు ఇక్కడ నాతో వాదించవచ్చు, ఈ సినిమాకి ఇంట్లో జరిగింది అన్యాయమే అని. ఒప్పుకుంటాను. తప్పు కోసినవాడిది. ఇంట్లో కూర్చుని చూసినవాళ్ళది కాదు.

ఇప్పుడు లీనా గురించి. ఆమె గురించి రాయాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాను.

కథ 1927లో జరుగుతుంది. మూకీలు పోయి టాకీలు వచ్చిన ఏడు. డాన్ లాక్‌వుడ్, లీనా లామాంట్ మూకీల్లో పేరున్న జంట. డాన్ వేషం కెల్లీది. లీనా నోరు విప్పితే కీచుగొంతు, మొరటు యాస. అందుకని కాథీ అనే కొత్తమ్మాయి (డెబ్బీ) తెరవెనక నించి ఆమెకి గొంతిస్తుంది. చివర్లో తెర పైకి లాగేసి లోకానికి నిజం చూపిస్తారు. అందరూ నవ్వుతారు. లీనా పారిపోతుంది.

మొదటిసారి నేను నవ్వలేకపోయాను. ఒక టీచరు లీనాకి 'కాంట్' అనే మాట పలకడం నేర్పుతుంటుంది. ఆమె నోట ఎన్నిసార్లయినా 'క్యాంట్' అనే వస్తుంది. అంతకు ముందు వారం లాండ్రోమాట్‌లో చిల్లర అడిగితే అవతలి మనిషి మూడుసార్లు 'వాట్?' అన్నాడు. నాలుగోసారి అడగకుండా వచ్చేశాను. ఆ సీను దగ్గర నేను కాథీ వైపు లేను. ఈ సినిమాలో నాకు నచ్చని విషయం ఏదైనా ఉందంటే ఇదే. గొంతు వల్ల పరువు పోగొట్టుకునే మనిషి మీద దీనికి జాలి తక్కువ. లీనా స్వార్థపరురాలే, కాథీ భవిష్యత్తుని తొక్కెయ్యాలని చూసిందే. అయినా ఆమెని నవ్వులపాలు చేసింది మాత్రం ఆ స్వార్థం కాదు, ఆ గొంతు.

తర్వాత, చాలా తర్వాత, తెలిసిన సంగతులు నన్ను మళ్ళీ ఆ టేపు దగ్గరికి తీసుకెళ్ళాయి. కథలో కాథీ లీనాకి మాటలు డబ్బింగ్ చెప్పే సీను ఉంది కదా, మనకి వినిపించే ఆ నాజూకైన గొంతు డెబ్బీ రేనాల్డ్స్‌ది కాదు. లీనా వేషం వేసిన జీన్ హేగన్ సొంత గొంతే. ఆమె అసలు గొంతు అంత చక్కనిది. కథలో కాథీ లీనా కోసం పాడే 'వుడ్ యు' పాట పాడింది కూడా డెబ్బీ కాదు, బెట్టీ నోయిస్ అనే గాయని. సినిమాలో ఆమె పేరు ఎక్కడా వెయ్యలేదు. తెరవెనక గాయనికి న్యాయం జరగాలని కథ చెప్పిన సినిమా తన సొంత గాయనిని తెరవెనకే ఉంచేసింది. ఇది తెలిశాక టేపు వెనక్కి తిప్పి, కళ్ళు మూసుకుని ఆ సీను విన్నాను. హేగన్ రెండు గొంతుల్నీ తనే మోసింది. ఆమెకి ఆ ఏడాది ఆస్కార్ ఇచ్చి ఉండాల్సింది.

మన తెలుగువాళ్ళకి ఈ కథలో ఒక పాయింటు వింతగా తోస్తుంది. తెర మీద ఒకరు, గొంతు ఇంకొకరిది అంటే మనకి మోసం కాదు. రామారావుకీ నాగేశ్వరరావుకీ ఘంటసాల పాడాడని ఊళ్ళో పిల్లాడికి కూడా తెలుసు, ముగ్గురి మీదా ప్రేమ తగ్గలేదు. మన గాయకులకి కూడా పేరు దక్కడం తేలిగ్గా జరగలేదు. ఈ సినిమాకి మూడేళ్ళ ముందు, 1949లో వచ్చిన హిందీ 'మహల్' పాట రికార్డు మీద మొదట లతా మంగేష్కర్ పేరు లేదు, పాత్ర పేరు 'కామిని' అని వేశారు. తప్పంతా పేరు దాచడంలోనే ఉంది, గొంతు అరువివ్వడంలో లేదు. హాలీవుడ్ అది గుర్తించడానికి చాలా కాలం పట్టింది.

ఈ టేపులు మా చేతికి ఎలా వచ్చాయో కూడా చెప్పాలి. 1977లో లాస్ ఏంజెలెస్‌లో జార్జ్ అట్కిన్సన్ అనే ఆయన సినిమా టేపులు అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. స్టూడియోలు అమ్ముకోవడానికి టేపులు చేస్తే ఈయన కొనుక్కుని అద్దెకి తిప్పాడు. స్టూడియోలకి మండింది. కానీ అమెరికా కాపీరైట్ చట్టం ప్రకారం ఒక సినిమా టేపుని డబ్బిచ్చి కొన్నాక దాన్ని ఇంకొకరికి అమ్మినా, అద్దెకిచ్చినా అది కొన్నవాడి ఇష్టం. ఈ ఒక్క సూత్రం మీద దేశమంతా వేల కొట్లు లేచాయి. వీసీఆర్ తమ పాలిట హంతకుడని 1982లో సినిమా కంపెనీల ప్రతినిధి జాక్ వాలెంటి అమెరికా చట్టసభ కమిటీ ముందు మొత్తుకున్నాడు. 80ల చివరికొచ్చేసరికి అదే వీడియో మీద స్టూడియోలకి థియేటర్లని మించిన రాబడి రావడం మొదలైంది. మా పెద్దాయన ఒక టేపు కొని గోడకి పెట్టుకుంటే అది అరిగిపోయేదాకా ఆయనదే. ఈ నెలాఖరుకి తీసేస్తున్నాం అని పై నించి ఎవరూ చెప్పడానికి లేదు.

ఇంకో చట్టం సంగతి కూడా నాకు ఇష్టం. 1987లో రాబర్ట్ బోర్క్ అనే జడ్జిని సుప్రీంకోర్టుకి ప్రతిపాదించినప్పుడు, ఆయన ఇంట్లోవాళ్ళు అద్దెకి తెచ్చుకున్న టేపుల జాబితా ఒక వాషింగ్టన్ పత్రికకి చిక్కింది. వాళ్ళు అచ్చేశారు. అందులో తప్పు పట్టదగిన సినిమా ఒక్కటీ లేదు. అయినా చట్టసభ సభ్యులందరికీ భయం పుట్టింది, రేపు మన జాబితా బయటికొస్తే అని. 1988లోనే చట్టం వచ్చింది. ఎవరు ఏ సినిమా తీసుకెళ్ళారో షాపువాడు బయటపెట్టకూడదు.

అందుకని మా పెద్దాయన నాకు ముందు ఆ టేపు తీసుకెళ్ళినవాళ్ళ పేర్లు ఎప్పుడూ చెప్పలేదు, చెప్పకూడదు కూడా. కానీ వాళ్ళకి ఏ క్షణం నచ్చిందో టేపే చెప్పింది. ఇప్పుడు లెక్క తిరగబడింది. ఫోన్లో సినిమా చూస్తుంటే నేను ఏ సెకను దగ్గర ఆగానో, ఏది దాటేశానో కంపెనీకి అంతా తెలుసు. నా తర్వాత చూసేవాళ్ళకి ఏమీ తెలీదు. నేను వందసార్లు వెనక్కి తిప్పినా నూట ఒకటో మనిషికి బొమ్మ కొత్తగానే వస్తుంది. స్ట్రీమింగ్‌లో కూడా వెనక్కి తిప్పుకోవచ్చు కదమ్మా, ఇంకా బాగా కనిపిస్తుంది కదా అని మా అమ్మాయి అంటుంది. నిజమే. గీతలు లేకపోవడం మంచిదే. నేను పోగొట్టుకున్నది ఆ గదిలో నాతో పాటు ఇంకొంతమంది ఉన్నారన్న నమ్మకం. హెచ్4 మీద వచ్చి, రోజంతా ఎవరితోనూ మాట్లాడకుండా గడిపిన ఆ చలికాలంలో, ఓకానర్ గోడ దగ్గరికి వచ్చేసరికి నేను ఒంటరిగా లేనని నాకు తెలిసేది.

థియేటర్లో కూడా చూశాను. 2012లో అరవై ఏళ్ళయిన సందర్భంగా కొత్తగా శుభ్రం చేసిన ప్రింటుని అమెరికాలో చాలా హాళ్ళలో ప్రత్యేకంగా వేశారు. ఆ రంగులు చూసి నోట మాట రాలేదు. డెబ్బీ గులాబీ రంగు టోపీ, ఆ పసుపు, ఆ ఎరుపు, మా టీవీలో సగం కూడా తెలియలేదు. ఈ మెరుగుపరచిన బొమ్మ కూడా కాపీల నించి కూర్చినదే. అసలు నెగెటివ్ 1978లో రోచెస్టర్‌లో, జార్జ్ ఈస్ట్‌మన్ హౌస్ ఫిల్ముల గిడ్డంగికి నిప్పంటుకున్నప్పుడు కాలిపోయింది. అంటే అప్పట్నించీ థియేటర్లోనూ, ఇంట్లోనూ, ఎవరు చూసినా చూసేది కాపీనే. అసలైన చూపు, నకిలీ చూపు అని గీత గీసేవాళ్ళు ఆ కాలిపోయిన నెగెటివ్‌ని ఒక్కసారి తలుచుకోవాలి.

ఆ హాల్లో ఓకానర్ మూడో గోడలోంచి దూసుకుపోగానే జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. చప్పట్లు ఆగేలోపు సినిమా ముందుకెళ్ళిపోయింది. కుర్చీ చేతి మీద నా బొటనవేలు రివైండ్ బటన్ కోసం వెతుక్కుంది. చుట్టూ ఉన్న వందమందీ ఒకటే కోరుకుంటున్నారని నాకు తెలుసు. ఎవరి చేతుల్లోనూ ఏమీ లేదు.

మా వీడియో షాపు 2004లో మూసేశారు. పెద్దాయన చివరి నెలలో టేపులన్నీ డాలరుకొకటి చొప్పున బల్లల మీద పెట్టాడు. అప్పటికి నాకు ఉద్యోగం, డ్రైవింగ్ లైసెన్సు, నాలుగేళ్ళ కూతురు. ఆ టేపు ఇంకా ఉందా అని అడిగాను. ఉంది, కానీ అరిగిపోయింది, దీని డీవీడీ రెండు డిస్కులది బాగుంది, అది కొనుక్కోమన్నాడు. డీవీడీ అప్పటికే మా ఇంట్లో ఉందని చెప్పి డాలరు ఇచ్చాను. ఆయన రసీదు రాయబోయి ఆగి, వెనక గోడ వైపు ఒకసారి చూసి, టేపుని కవర్లో పెట్టి ఇచ్చాడు.

సియాటిల్లో 'స్కేర్‌క్రో వీడియో' అనే కొట్టు 2014లో లాభాపేక్ష లేని సంస్థగా మారి ఇప్పటికీ నడుస్తోంది. పోర్ట్‌లాండ్‌లో 'మూవీ మ్యాడ్‌నెస్'ని 2017లో ఒక థియేటర్ సంస్థ కొని నిలబెట్టింది. ఈ రెండు కొట్లకీ డబ్బిచ్చి కాపాడింది మామూలు జనం, ఒకప్పుడు టేపులు అద్దెకి తీసుకున్నవాళ్ళే. పోస్టులో డీవీడీలు పంపే పెద్ద కంపెనీ కూడా 2023 సెప్టెంబరులో ఆ పని ఆపేసింది. దగ్గర్లో అలాంటి కొట్టు ఉన్నవాళ్ళు వెళ్ళి సభ్యులుగా చేరండని నేను ఇక్కడ నోరు తెరిచి అడుగుతున్నాను.

పోయిన చలికాలం సెలవులకి అమ్మాయి ఇంటికొచ్చినప్పుడు అటక మీద పాత వీసీఆర్ దొరికింది. హెడ్లు తుడిచి టేపు పెట్టాను. సోఫాలో నా పక్కన దుప్పటి కప్పుకుని కూర్చుంది. అరగంట గడిచింది. గీతలు మొదలయ్యాయి. ఓకానర్ గోడెక్కేసరికి తెరంతా తెల్లగా అయిపోయింది.

"అమ్మా, ఇక్కడేమైంది?"

"ఇక్కడ అందరూ వెనక్కి తిప్పారు."

"అందరూ అంటే ఎవరు?"

"తెలీదు. అందులో నేనొకదాన్ని."

అది తెర వైపే చూస్తూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెయ్యి చాచింది, రిమోట్ ఇమ్మని.